మొలతాడు దాటిన వాత

నేను కాంపౌండరుని. మెదక్ బజారులో డాక్టర్ జయానందం గారి దవాఖానలో ఇరవై ఏళ్ళుగా మిక్చర్లు కలుపుతున్నాను, సీసాలకు మోతాదు కాగితాలు అంటిస్తున్నాను. వచ్చిన ప్రతి రోగి పేరు, ఊరు, జబ్బు, ఆ జబ్బు ఎలా వచ్చిందో ఒక పెద్ద పుస్తకంలో రాస్తున్నాను. "అస్గర్ రాత ముత్యాలే" అని డాక్టరు గారు పదిమందిలో మెచ్చుకుంటారు. ఆ ముత్యాలతోనే ఒకసారి ఒక తప్పు రాశాను. దాని బరువు మోసింది నేను కాదు, వజ్రమ్మ. ఆమె పోయి మూడేళ్ళయింది. ఇప్పుడైనా ఈ సంగతి చెప్పకపోతే నా అంత పిరికివాడు ఈ జిల్లాలో ఉండడు.

ఊళ్ళో ఆమెను వాతల వజ్రమ్మ అనేవారు. పుట్టింది కుల్చారంలో. వాతలు పెట్టే పని తల్లి దగ్గర నేర్చుకుంది. పిల్లలకు కామెర్లు వచ్చినా, ఫిట్స్ వచ్చినా, పొట్ట ఉబ్బినా ఇనుప పుల్లను నిప్పుల్లో ఎర్రగా కాల్చి ఒంటి మీద గీతలా అంటించేది. కామెర్లకు ముంజేతి మీద, ఫిట్స్‌కు నుదుటి మీద, పొట్టకు బొడ్డు చుట్టూ. ఇదేం వైద్యమని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. వేసుకోండి. నా ఎడమ ముంజేతి మీద కూడా రెండు గీతలున్నాయి, మా అమ్మ ఎవరి చేతనో పెట్టించినవి. కామెర్లు వాటి వల్ల పోయాయో, వాటంతటవే పోయాయో తెలియదు. అప్పుడు నేను పెట్టిన కేక మాత్రం మా గల్లీలో ముసలివాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

ఎక్కడ పడితే అక్కడ కాల్చే పని కాదది. వజ్రమ్మ తల్లి కొన్ని కట్టుబాట్లు పెట్టి పోయింది. మొలతాడు కింద వాత పెట్టరాదు. ఒక బిడ్డకు ఒక్కసారే పెట్టాలి, మళ్ళీ ముట్టరాదు. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటుంది. వాత పెట్టిన బిడ్డ, పుండు మానేదాకా, పెట్టినామె పొయ్యి దగ్గరే ఉండాలి. ఆమె చేతి వెన్నే పూయించుకోవాలి. మానకముందే తీసుకుపోతే ఆ రోగం తీసుకుపోయినవాళ్ళను పట్టుకుంటుందని నమ్మకం. వజ్రమ్మ గడప తొక్కిన ప్రతి తల్లికీ ఈ సంగతులు తెలుసు. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

డాక్టరు గారు గుంటూరు వైపు నుంచి వచ్చారు, రాష్ట్రాలు కలిసిన కొత్తలో. మొదటి ఏడాదంతా చీముపట్టిన వాతలకు మందు వేసి వేసి విసిగిపోయారు. ఎవరు పెట్టారని అడిగితే సగం మంది చెప్పేది ఒకటే పేరు. ఒకరోజు ఆ పేరుగలామె తనంతట తానే వచ్చింది. చంకలో ఒక పిల్లవాడు. జ్వరంతో కాలిపోతున్నాడు, చెయ్యి మోచేతి దాకా వాచింది.

"నేనే కాల్చిన సార్," అంది వజ్రమ్మ. "మానుతలేదు. జర జూడుండ్రి."

డాక్టరు గారు ఆమెను అరగంట తిట్టారు. ఆమె అక్కడి నుంచి కదల్లేదు. పిల్లవాడు పదిహేను రోజులు దవాఖాన మంచం మీద ఉంటే ఆమె ఆ మంచం కిందే పడుకుంది. పుండు కడగడం, కట్టు విప్పడం, మళ్ళీ కట్టడం చూసి చూసి నేర్చేసుకుంది. పిల్లవాడు బతికాడు గానీ రెండు వేళ్ళు ముడుచుకుపోయాయి. పదహారో రోజున డాక్టరు గారు ఆమెను పిలిచి, "నువ్వు కాల్చిన పిల్లలకు నువ్వే కట్లు కట్టు. నెల జీతమిస్తాను. ఇంకో బిడ్డను కాల్చినట్టు తెలిసిందా, ఆ రోజే ఈ గడప దిగాలి," అన్నారు. మర్నాడు ఆమె తన ఇనుప పుల్ల తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బిగుసుకున్న సీసా మూతలు తీయడానికి చాలా ఏళ్ళు వాడాను దాన్ని.

అలా ఆమె మా దవాఖానలో కట్లు కట్టే మనిషైంది. పచ్చ గుడ్డ తెర వెనక పిల్లలను కూర్చోబెట్టుకొని ఒకటే మాటలు. కాకి సంగతి, కోతి సంగతి, నా గడ్డం సంగతి. పిల్లలు నవ్వులో ఉండగా పుండు మీది గుడ్డ చటుక్కున లాగేసేది. సాయంత్రం పనయ్యాక మాత్రం ఒక్కోసారి ముడుచుకున్న వేళ్ళ పిల్లవాణ్ణి తలుచుకొని, "గా చెయ్యి నా పాపం భాయ్," అనేది. ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ళ ప్రార్థన మందిరంలో ప్రభువు బల్ల ఉండేది. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. చేసిన తప్పులకు మనసులో ఏడ్చి, ఆ తర్వాతే బల్ల దగ్గరికి వెళ్ళాలట. నాకు ఆ సంగతులు తెలియవు, ఆమే చెప్పింది. ఆ ఆదివారాలు ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకొని మా ఇంటి ముందు నుంచే పోయేది. ఆ నడకలో ఒక తేలిక ఉండేది.

అరవైమూడు వానాకాలంలో నర్సమ్మ అనే పెద్దామె తన మనవరాలిని తీసుకొచ్చింది. పిల్ల పేరు ఎస్తేరు, ఆరేళ్ళు, తల్లి లేదు. తండ్రి కృపాదానం తహసీలు కచేరీలో గుమాస్తా. తెల్ల పైజామా, దువ్విన జుట్టు, మంచి కంఠం. వజ్రమ్మ వెళ్ళే మందిరంలోనే పాటలు ఎత్తుకునేది ఆయనే. బజారులో ఎవరు ఎదురైనా ముందు నమస్కారం పెట్టే మనిషి. నాకూ పెట్టేవాడు.

ఆ రోజు వజ్రమ్మ లేదు, నాట్లకని కుల్చారం పోయింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అడిగాను.

"ఏమైంది పిల్లకు?"

"ఫిట్స్ వస్తున్నయని వాతలు పెట్టించినం," అంది నర్సమ్మ.

"ఎస్తేరు, ఆరు సంవత్సరాలు, కాలిన పుండ్లు. కారణం: వాతలు" అని రాశాను. పిల్ల ముఖం కూడా చూడలేదు. డాక్టరు గారు గౌను అంచు కాస్త ఎత్తి, ఊదారంగు మందు రాసి, "మీ జనం ఎప్పటికి మారతారమ్మా," అని విసుక్కొని పంపేశారు. ఆయనకు కాలిన ఒళ్ళు కనిపిస్తే చాలు, అది వాతే. మా వైపు మూఢనమ్మకాల మీద ఆయనకు ఎంత కోపమంటే, ఆ కోపంలో ఇంకేదీ కనిపించేది కాదు. నాకైతే కోపం కూడా లేదు, రాసేశాను, అంతే.

రెండు నెలల తర్వాత అదే నాయనమ్మ, అదే పిల్ల, మళ్ళీ పుండ్లు. గురువారం, వారపు సంత, వరండా నిండా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. ఈసారి వజ్రమ్మ ఉంది. డాక్టరు గారు "కడిగి మందు వెయ్యి" అంటే పిల్లను తెర వెనక్కి తీసుకుపోయింది.

తెర వెనక నుంచి మాటలు వినిపించలేదు. కాకి లేదు, కోతి లేదు. అంతసేపు వజ్రమ్మ నోరు మూసుకోవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. కాసేపటికి బయటికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"పోయినసారి ఈ పిల్లకు ఏం రాసినవ్ భాయ్?"

చదివి వినిపించాను.

"వాతలని ఎవరు చెప్పిండ్రు?"

"వాళ్ళ నాయనమ్మ."

"నువ్వు జూసినవా?"

"నేను చూడను గదక్కా. చెప్పింది రాసుడే నా పని."

"మొలతాడు కింద ఉన్నయి," అంది వజ్రమ్మ.

నా కలం ఆగిపోయింది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా వైపు పుట్టినవాడికి ఎవరికి తెలియదు?

ఆమె లోపలికి పోయి డాక్టరు గారితో చెప్పింది. "నీ వాతల శాస్త్రం నాకు చెప్పకు," అని ఆయన మొదట కసిరారు.

"సార్, కాలిన ఒళ్ళంటే మీకు అంతా ఒక్కటే," అంది ఆమె. "నాకు కాదు, నేను కాల్చినదాన్ని. నా పుల్ల గీత పెడ్తది. ఇవి గుండ్రంగ ఉన్నయి, సిగరెట్టు కొస అంత. కూసునే కాడ ఉన్నయి, తొడల నడుమ ఉన్నయి. కొన్ని పాతయి, కొన్ని మొన్నటియి, రెండు నిన్నటియి. ఒక్కనాడు పెట్టినయి కావు. పక్క తడుస్తదా బిడ్డా అని అడిగిన, తల ఊపింది. ఎవరని అడిగిన. నాయిన అన్నది."

డాక్టరు గారు లేచి తెర వెనక్కి వెళ్ళారు. ఈసారి పిల్లను బోర్లా పడుకోబెట్టి, పైనుంచి కింది దాకా చూశారు. వచ్చి చేతులు కడుక్కున్నారు. సబ్బు అయిపోయేంతసేపు కడుక్కున్నారు.

"పోలీసులకు చెప్పుదామా సార్?" అన్నాను.

"ఏమని చెబుతావు? తండ్రి పక్క తడిపిన పిల్లను దండించాడు, అందులో కేసేముందయ్యా అంటారు. వాతలని నీ పుస్తకమే చెబుతోంది. నేను సంతకం పెట్టిన పుస్తకం." ఆయన తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నారు. "కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

అయినా కృపాదానానికి కబురు పంపారు. కచేరీ దగ్గరే కాబట్టి పావుగంటలో వచ్చాడు. వరండాలో అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చాడు. డాక్టరు గారు గడపలో నిలబడి, ఈ పుండ్లు ఎలా వచ్చాయని అడిగారు. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"గది మా అమ్మ చేసిన పని డాక్టర్ సాబ్. ఫిట్స్ వస్తున్నయని వాతలు పెట్టించింది. నేను వద్దన్న, ముసల్ది వినలే. ఎవరు పెట్టిండ్రు అంటరా? ఊర్ల ఇంకెవరున్నరు? మీ కాడ కొలువు చేస్తున్నది గద, గామెనే."

వరండాలో ఆడవాళ్ళంతా వజ్రమ్మ వైపు తిరిగారు. ఒకరిద్దరు తలలూపారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఎవరో. నర్సమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది. డాక్టరు గారు గడపలోనే నిలబడ్డారు. నా సంగతి అడగకండి. నేను బల్ల వెనక పుస్తకం పట్టుకొని నిలబడ్డాను.

పిల్ల వజ్రమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకొని ఉంది. ఇంకో నిమిషంలో తండ్రి ఆ చెయ్యి విడిపించి ఇంటికి తీసుకుపోతాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ దవాఖానకు తేడు. అది అక్కడ నలుగురికి తెలుసు: నాకు, డాక్టరుకు, వజ్రమ్మకు, పిల్లకు.

వజ్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అవ్, నేనే పెట్టిన," అంది.

నేను తప్పు విన్నాననుకున్నాను. ఆమె వరండా అంతటికీ వినబడేలా మళ్ళీ చెప్పింది.

"నేనే పెట్టిన. సార్‌కు తెల్వకుండ పెట్టిన. ఇగ రివాజు మీ అందరికి ఎర్కనే. వాత పెట్టిన పిల్ల పుండు మానేదాక నా పొయ్యి కాడనే ఉండాలె. మానకముందే తీస్కపోతె గా రోగం తీస్కపోయినోళ్లను పడ్తది. కృపాదానం సాబ్, మీరే చెప్పిండ్రు నేను పెట్టిన్నని. గిప్పుడు పిల్లను నా ఎంట పంపుండ్రి."

కృపాదానం ముఖం చూడాలి మీరు. తేలు కుట్టిన దొంగంటే ఎలా ఉంటాడో ఆ రోజే చూశాను. కాదు, ఈమె పెట్టలేదు అంటే, మరి ఎవరు పెట్టారని అడుగుతారు. తల్లిని చూశాడు. నర్సమ్మ అప్పటికే భయంతో లేచి నిలబడింది. కొడుకు ఏం చేశాడో ఆమెకు తెలుసు, అయినా ఆ పొయ్యి శాపం అంటే వణుకు. మనిషి నమ్మకాలు అంతే, వాటికి తర్కం ఉండదు.

"పోనియ్ బిడ్డా," అంది కొడుకుతో. "మానేదాకనే గద."

వజ్రమ్మ డాక్టరు గారి వైపు తిరిగింది. "సార్, మీరు చెప్పిన మాట యాదికి ఉన్నది. గడప దిగుతున్న."

 "వెళ్ళు," అన్నారు ఆయన, నేల చూస్తూ.

ఆ మాట ఎలా అనగలిగాడీ మనిషి అని నాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక గానీ అర్థం కాలేదు. ఆయన ఆమెను కొలువులో ఉంచుకుంటే ఆ అబద్ధం ఒక్కరోజు కూడా నిలవదు. అబద్ధం పడిపోతే పిల్ల తిరిగి ఆ ఇంటికే. వజ్రమ్మ అది ముందే లెక్కేసుకొని చెప్పింది. పిల్లను చంకనెత్తుకొని వరండా మెట్లు దిగుతుంటే ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు, అంటుకుంటుందేమో అన్నట్టు.

అప్పటి నుంచి ఆమె బీడీలు చుట్టి బతికింది. కోట వైపు గల్లీలో ఒకే గది. ఎస్తేరు ఆ గదిలో కూడా ఏడాదిన్నర పాటు పక్క తడిపింది. వజ్రమ్మ గోనె సంచి మీద పాత చీర పరిచి పడుకోబెట్టి, తెల్లారి ఉతికి దండెం మీద ఆరేసేది. పక్కింటివాళ్ళు అడిగితే, "బట్టలు ఉతుకుడు నాకు ఇష్టం," అనేది. తర్వాత ఎప్పుడో అదే ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తాము గమనించనే లేదని ఇద్దరూ చెప్పేవారు.

పుండ్లు అయిదు వారాల్లో మానాయి. ఆ సోమవారం నర్సమ్మ దవాఖానకు వచ్చి, పిల్ల పుండ్లు మానాయో లేదో దవాఖాన చీటీ రాయించుకొని రమ్మన్నాడు కొడుకు అంది. నేను లోపలికి చూశాను. డాక్టరు గారు స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకొని ఎవరి గుండెనో వింటున్నారు, విన్నట్టు నటిస్తున్నారో మరి. కాగితం తీసి "ఇంకా మానలేదు" అని రాసి ఇచ్చాను. నా జీవితంలో రాసిన మొదటి నిజమైన అబద్ధం అది. అంతకుముందు రాసింది మాత్రం నిజం పేరుతో రాసిన అబద్ధం. అప్పటి నుంచి నెలకొకటి, తర్వాత పండక్కొకటి, అవే రెండు మాటలు. కృపాదానానికి కూడా ఆ చీటీ పనికొచ్చింది. నలుగురిలో పరువు నిలుస్తుంది, పక్క తడిపే పిల్ల ఇంట్లో ఉండదు. మందిరంలో పాటలు ఎత్తుకుంటూనే ఉన్నాడు.

కానీ వజ్రమ్మకు కొత్త చిక్కులు వచ్చాయి. మళ్ళీ వాతలు మొదలుపెట్టిందన్న మాట ఊళ్ళకు పాకింది. జ్వరాల పిల్లలను చంకనేసుకొని తల్లులు ఆమె గుమ్మం ముందు వరస కట్టారు. ఆమె ఒక్కరినీ ముట్టుకోలేదు, అందరినీ మా దవాఖానకే పంపింది. "కచేరీ గుమాస్తా బిడ్డకైతే పెడ్తవు, మా పిల్లలకు పెట్టవా?" అని వాళ్ళు శాపనార్థాలు పెట్టారు. ఆమెను వెళ్ళగొట్టిన దవాఖానకే ఆమె రోగులను పంపుతుంటే, "ఎవరు పంపారమ్మా?" అని డాక్టరు గారు అడగడం మానేశారు.

ఇంకొకటి కూడా గమనించాను. మొదటి ఆదివారాలు ఆమె తెల్లచీర కట్టడం మానేసింది. మందిరానికి పోయేది, అందరూ బల్ల దగ్గరికి లేచేటప్పుడు వెనక చాప మీదే కూర్చుండిపోయేదట. ఎవరూ ఆమెను వద్దనలేదు, తనే వెళ్ళేది కాదు. పిల్లను కాల్చిన పాపం లోపల తింటోందని చెవులు కొరుక్కున్నారు జనం. తప్పు చేయని మనిషైతే లేచి వెళ్ళేది గదా అన్నారు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. డెబ్బైరెండులో నర్సమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఎత్తి దించడానికి మనిషి కావాలి. అప్పుడు కృపాదానానికి తనకొక కూతురుందని గుర్తుకొచ్చింది. వజ్రమ్మ ఇంటికి పోతే, పుండు ఇంకా మానలేదంటూ ఆమె తలుపు వేసేసింది. మర్నాడు, అది కూడా గురువారమే, సిగరెట్టు కాలుస్తూ నేరుగా దవాఖానకు వచ్చాడు. అంతకుముందే వజ్రమ్మ దగ్గు మందు కోసం ఎస్తేరు వచ్చి నా బల్ల ముందు నిలబడి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. సీసా చేతిలో ఉంది.

"తొమ్మిదేండ్లు మానని పుండు ఎక్కడన్న ఉంటదా సార్?" అన్నాడు కృపాదానం. "చీటీ రాసిన ఈ కాంపౌండర్‌ను కచేరీకి గుంజుత. నా బిడ్డను నేను తీస్కపోత."

వరండా నిండుగా ఉంది.  ఏదో అనబోయాను, ఎస్తేరు సీసా బల్ల మీద పెట్టి నాకంటే ముందు మాట్లాడింది.

"జర ఆగు నాయినా." అని వరండా వైపు తిరిగింది. "అవ్వలారా, మీ పిల్లలకు మా వజ్రమ్మవ్వ వాతలు పెట్టింది గద. మొలతాడు కింద ఎవరికన్న పెట్టిందా?"

ఆమె వాళ్ళ జవాబు కోసం ఆగలేదు.

"నాకు మొలతాడు కిందనే ఉన్నయి," అంది ఎస్తేరు. "పదకొండు ఉన్నయి. గుండ్రంగ ఉన్నయి."

మోకాళ్ళ నొప్పికి వచ్చిన ఒక ముసలామె కర్ర పట్టుకొని లేచింది. "లేదు బిడ్డా," అంది. "గామె ఎన్నడు పెట్టలే." ఇంకొకామె లేచింది. "మా ముగ్గురు పిల్లలకు పెట్టింది. చేతుల మీదనే." ఒక్కొక్కరే అలా చెప్పి, అందరూ కృపాదానం వేళ్ళ మధ్య కాలుతున్న సిగరెట్టు వైపు చూశారు.

"ఇది నా ఇంటి సంగతి," అన్నాడు అతను.

"కాదు," అన్నారు డాక్టరు గారు గడపలోంచి. "ఆ రోజు నేను నా కళ్ళతో చూశాను. చూసి నోరు మూసుకున్నాను. ఇప్పుడు కచేరీలో అడిగినా, కోర్టులో అడిగినా చెబుతాను. పదండి, ఇప్పుడే వెళదాం."

కృపాదానం కచేరీ వైపు వెళ్ళలేదు. మెట్లు దిగి ఇంటి వైపు పోయాడు. ఎవరికీ నమస్కారం పెట్టలేదు.

మీరు సంతోషపడుతున్నారేమో. నేను పడలేదు. ఆ రాత్రి కాదు, ఈ రోజుకీ పడలేదు. ఎందుకంటే ఆ కర్ర ముసలామెను నేను గుర్తుపట్టాను. అరవైమూడులో కూడా ఆమె ఆ వరండాలోనే ఉంది. అప్పుడు తలూపినవాళ్ళలో ఆమె ఒకతె. తండ్రి మాట అందరూ విన్నారు, పిల్ల ఎలా కూర్చుంటోందో, ఒక పక్కకు ఒరిగి ఎలా కూర్చుంటోందో ఆ వరండా అంతా చూసింది. ఎవరిని ఎక్కడ కాల్చరాదో వాళ్ళందరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ ముందే తెలుసు. నాకు తెలిసినట్టే.

సాయంత్రం ఈ సంగతంతా చెబుదామని వజ్రమ్మ గదికి పోయాను. ఎస్తేరు అప్పటికే చెప్పేసింది. వజ్రమ్మ దగ్గుతూ బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"నీ పేరు మీది మచ్చ పోయిందక్కా," అన్నాను. "ఈ ఆదివారం తెల్లచీర తీయి. బల్ల కాడికి పో."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎట్ల పోవాలె భాయ్? అబద్ధం చెప్పిన, గది తప్పే గద. బల్ల కాడికి పోవాలంటె చేసిన తప్పుకు ఏడ్వాలె. నేను కాల్చిన పిల్లలకు ఏడ్చిన, గా ముడుసుకపోయిన చేతికి ఎన్ని దినాలో ఏడ్చిన. దీనికి మాత్రం ఏడ్పు వస్తలేదు. రేపు ఇంకో పిల్లను తెస్తె మల్ల గదే చెప్త. లోపల ఏడ్పు లేకుంట దేవుని ముంగట నాటకం ఎట్ల ఆడాలె?"

 మా మసీదులో అడిగి చెప్పే విషయమా ఇది? వాళ్ళ పెద్దలనైనా అడగమన్నాను. ఎవరినీ అడగలేదు. అలాగే రెండేళ్ళు వెనక చాప మీద కూర్చొని, డెబ్బైనాలుగు చలికాలంలో పోయింది. ఆ రొట్టె మళ్ళీ నోట పెట్టుకోకుండానే పోయింది. ఎవరి తప్పుకు ఎవరు ఆకలితో పోవాలి? ఈ ప్రశ్న నన్ను వదలదు. సమాధి దగ్గర ఎవరో మెల్లగా, "పాపం, వాతల వజ్రమ్మ పోయింది," అన్నారు. ఎస్తేరు తల తిప్పి చూసింది.

ఇప్పుడు మా దవాఖానలో పచ్చ తెర వెనక కట్లు కట్టేది ఎస్తేరు. ఆమెకు కాకి సంగతులు అంతగా రావు, తక్కువ మాట్లాడుతుంది. కానీ ఏ పిల్ల వచ్చినా, ఏ జబ్బు మీద వచ్చినా, గౌను అంచు ఎత్తి వదిలేయదు. పూర్తిగా చూస్తుంది. ఆమె తెర బయటికి వచ్చి చెప్పేదాకా నేను కారణం అన్న చోట కలం పెట్టను.

మొన్న అటక మీది పాత పుస్తకాలకు చెద పట్టిందని దించాం. అరవైమూడు పుస్తకం నా చేతికి వచ్చింది. వానాకాలం పుటలు తిప్పితే ఆ వరస కనబడింది. ఎస్తేరు, ఆరు సంవత్సరాలు, కాలిన పుండ్లు, కారణం: వాతలు. అక్షరాలు నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. ఎస్తేరు పక్కనే నిలబడి చదివింది. ఇంక పేజీ తిప్పమంది. నేను తిప్పలేదు. కలం తీసి "వాతలు" అన్న మాట మీద గీత కొట్టాను. పక్కన ఇలా రాసి, సంతకం పెట్టి, ఈనాటి తేదీ వేశాను:

"వాతలు కావు. తండ్రి కాల్చినవి. వజ్రమ్మ పెట్టలేదు. ఇది రాసినవాడు ఆ రోజు పిల్లను చూడలేదు."